ఊరి బయట నుంచి – 11: దూరం పెట్టిందెవరు? టికెట్టు కొంటున్నదెవరు?



"ఎంత దూరం వెళ్తే అంత ఛార్జీ. ఇందులో అన్యాయం ఏముందండీ?"

మహిళలకు ఉచిత బస్సు మొదలైన దగ్గర్నుంచీ ఈ ప్రశ్న బస్సుల్లో, టీ బడ్డీల దగ్గర, స్టాఫ్ రూముల్లో ఆగకుండా వినబడుతోంది. కిలో ఇంత అని ఉల్లిపాయలు కొన్నట్టే కిలోమీటరు ఇంత అని ప్రయాణం కొనుక్కోవాలట. ఉచితం ఇస్తే ఇవ్వండి గానీ దానికీ ఒక కిలోమీటర్ల లెక్క పెట్టండి అని ఇంకో సలహా. అడిగేవాళ్ళు చదువుకున్నవాళ్ళే. కొందరు మనవాళ్ళు కూడా. అందుకే ఈ భాగం మొత్తం దీనికే కేటాయిస్తున్నా.

నా వాదన ముందే చెప్పేస్తాను, తర్వాత రుజువులు చూద్దాం. ఈ దేశంలో దూరం దానంతటది పుట్టలేదు. దాన్ని పెట్టినవాళ్ళున్నారు. పెట్టినవాళ్ళు ఒక్క రూపాయి కూడా కట్టరు. పెట్టించుకున్నవాళ్ళు రోజూ రెండు పూటలా కడుతున్నారు. "దూరాన్ని బట్టి ఛార్జీ" అన్న మాట వినడానికి తక్కెడలా సమంగా ఉంటుంది. ఆ తక్కెడలో ఒక పక్క రాయి ముందే వేసి ఉంది.

ముందు జరిగింది తేదీలతో చూద్దాం.

2019 డిసెంబరులో పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ బస్సుల్లో కిలోమీటరుకు 10 పైసలు, ఎక్స్‌ప్రెస్‌లో 20 పైసలు పెంచారు. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగుల్ని ప్రభుత్వంలో కలిపారు. 2022 ఏప్రిల్ 14న డీజిల్ సెస్సు వచ్చింది. పల్లెవెలుగులో 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌లో 5, పై తరగతి బస్సుల్లో 10. పల్లెవెలుగులో కనీస టికెట్టు 10 రూపాయలు అయింది. ఏప్రిల్ 14 ఏ రోజో మీకు చెప్పక్కర్లేదు. పొద్దున్నే బాబాసాహెబ్ విగ్రహానికి దండ వేయడానికి బస్సెక్కినవాళ్ళు కొత్త ఛార్జీతో టికెట్టు కొన్నారు.

అది అందరికీ ఒకటే సెస్సు. రెండున్నర నెలలు గడిచాయి. 2022 జులై 1 నుంచి సెస్సును దూరాన్ని బట్టి మార్చారు. పల్లెవెలుగులో 30 కిలోమీటర్ల దాకా కొత్త పెంపు లేదు. 35 నుంచి 60 కిలోమీటర్ల దాకా 5 రూపాయలు, 60 నుంచి 70 దాకా 10 రూపాయలు, ఆపైన ఇంకా. శ్లాబులు అన్నమాట. "దగ్గరవాళ్ళ మీద భారం లేదు" అని చెప్పారు. చాలామంది నమ్మారు కూడా.

ఇప్పుడు దీన్ని మన పెంటపాడు మీద పెట్టి చూడండి.

పెంటపాడు నుంచి తాడేపల్లిగూడెం ఐదారు కిలోమీటర్లు. గూడెం ఉల్లి మార్కెట్లో బస్తాలు మోసే అన్న, రైసు మిల్లులో పనికి పోయే బాబాయి, డిగ్రీ చదివే తమ్ముడు రోజూ తిరిగేది ఈ ఐదారు కిలోమీటర్లే. కనీస టికెట్టు 10 రూపాయలైతే వీళ్ళకు కిలోమీటరుకు దగ్గర దగ్గర 2 రూపాయలు పడుతోంది. అదే బస్సులో చివరిదాకా పోయే ప్రయాణికుడి టికెట్టును కిలోమీటర్లతో భాగించి చూడండి. అంత పడదు. అంటే "ఎంత దూరమో అంతే" అన్న సూత్రం రోజుకూలీ దగ్గరకొచ్చేసరికి "ఎంత దగ్గరైనా ఇంతే" అయిపోయింది. దూరం లెక్కే న్యాయం అని వాదించే పెద్దమనుషులు కనీస టికెట్టు గురించి ఎప్పుడైనా మాట్లాడారా? నేను వినలేదు.

సరే, దగ్గరివాళ్ళ సంగతి అది. దూరం వెళ్ళేవాళ్ళు? గూడెం నుంచి ఏలూరు 50 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. సరిగ్గా 5 రూపాయల శ్లాబులో పడింది. ఏలూరుకు మనవాళ్ళు ఎందుకు వెళ్తారు? షికారుకు కాదు కదా. పెద్దాసుపత్రికి, కోర్టు వాయిదాకి. అక్కడికి తప్పక పోవాల్సినవాడి దగ్గరే శ్లాబు చెయ్యి చాపుతుంది. కారున్నవాడికి శ్లాబు లేదు.

ఛార్జీ పెరిగినప్పుడల్లా పేపర్లో ప్రయాణికుల స్పందన అని ఒక వార్త వస్తుంది. బస్టాండులో నలుగురిని అడుగుతారు. ఒకాయన "సామాన్యుడి మీద భారం" అంటాడు. ఇంకొకాయన "డీజిలు పెరిగింది కదండీ, తప్పదు" అంటాడు. ఒక కాలేజీ కుర్రాడు "సర్వీసులు పెంచాలి" అంటాడు. కండక్టరుతో చిల్లర గొడవ ఒకటి రాస్తారు. అక్కడితో అయిపోతుంది.

బస్సెక్కినవాళ్ళని అడిగితే బస్సెక్కినవాళ్ళ మాటే వస్తుంది. ఎక్కడం మానేసినవాళ్ళని ఎవరు అడిగారు? ఛార్జీకి పేట ఇచ్చే స్పందన మాటల్లో ఉండదు. వారానికి ఆరు రోజులు పోయే పనికి నాలుగు రోజులు పోవడం ఒక స్పందన. బీపీ మందులకు నెలనెలా వెళ్ళాల్సిన ముసలాయన రెండు నెలలకోసారి వెళ్ళడం ఒక స్పందన. ట్రాలీ ఆటో వెనక వేలాడుతూ పోవడం ఒక స్పందన. నడక ఒక స్పందన. క్లాసు రిజిస్టరు తిరగేస్తే నాకు అది కనబడుతుంది. మొదటి పీరియడుకు రాని పేర్లు చూడండి, ఏ ఊళ్ళ నుంచి, ఆ ఊళ్ళల్లో ఏ వైపు నుంచి వస్తున్నారో చూడండి. "వీళ్ళకి చదువు మీద శ్రద్ధ లేదు" అని రాసేసుకోవడం తేలిక. వాడు నడిచొచ్చాడా, ఎవరి బండి వెనకో ఎక్కొచ్చాడా అన్నది హాజరు పట్టీలో గడి కాదు.

ఇక అసలు సంగతికి వద్దాం. ఈ దూరం ఎక్కడిది?

మన గోదావరి జిల్లాల్లో, కృష్ణా గుంటూరు జిల్లాల్లో "ఊరు" అంటే ఏది, "పల్లె" అంటే ఏది, చిన్నపిల్లాడికి కూడా తెలుసు. మాలపల్లె, మాదిగపల్లె. కొన్నిచోట్ల పేట అంటాం. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో నవలకి మాలపల్లి అని పేరు పెట్టినప్పుడు ఆ మాటకు వివరణ రాయాల్సిన పని పడలేదు. ఇప్పుడు బస్సు మీద రాసిన పేరు చదవండి. పల్లెవెలుగు. అది ఎక్కడ ఆగుతుంది? ఊళ్ళో. పంచాయతీ ఆఫీసు దగ్గర, రామాలయం దగ్గర, పెద్దోళ్ళ రావిచెట్టు కింద. పేరు పల్లెది, స్టేజీ ఊరిది. స్టేజీ నుంచి పల్లె దాకా ఉన్న ముక్కకి ఆర్టీసీ లెక్కల్లో దూరమే లేదు. ఆ ముక్క మన కాళ్ళ ఖాతాలో పడుతుంది, లేదంటే ఆటో ఖాతాలో పడుతుంది. దూరాన్ని బట్టి ఛార్జీ అనేవాళ్ళు ఈ దూరాన్ని ఎందుకు కొలవరు?

ఆ దూరాన్ని కొలిచింది కులం. గాలి ఎటు వీస్తుందో, నీళ్ళు ఎటు పారతాయో చూసుకుని, తమ గాలి తమ నీళ్ళు అంటకుండా మనల్ని పక్కకి పెట్టింది. డెల్టాలో ఆ పక్క అంటే పల్లపు నేల, మురుగు కాలవ గట్టు, శ్మశానం దారి. ఊరికి నడిబొడ్డున పుట్టినవాడికి బస్సు గుమ్మంలోకొస్తుంది. వెలివాడలో పుట్టినవాడు బస్సు దగ్గరికి పోవాలి. ఇద్దరికీ ఒకే టికెట్టు కొట్టి "చూశారా, సమానం" అంటారు.

"అదంతా పాతకాలం మేష్టారూ, ఇప్పుడు సీసీ రోడ్లు పడ్డాయి" అంటారు. సరే, కొత్తకాలం చూద్దాం. పోయిన కొన్నేళ్ళలో ప్రభుత్వాలు స్వయంగా పెట్టిన దూరాలు మూడు చెప్తాను.

ఒకటి, బడి. 2022 జూన్‌లో 117 నంబరు జీవో వచ్చింది. కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే ప్రాథమిక బడిలోని 3, 4, 5 తరగతుల్ని అక్కడికి కలిపేశారు. పేటలో ఉన్న బడి ఖాళీ అయింది. ఎనిమిదేళ్ళ పిల్లలు మెయిన్ రోడ్డు దాటి నడవాల్సి వచ్చింది. ఆ జులైలో తల్లిదండ్రులు బడుల ముందు కూర్చున్నారు, గేట్లకు అడ్డం నిలబడ్డారు. అదే జులై 1న దూరం సెస్సు మొదలైంది. ఒక చేత్తో దూరం పెంచి ఇంకో చేత్తో దూరానికి ధర పెంచడం అంటే ఇదే. 2025లో ఆ జీవోని రద్దు చేశారు. ఈలోగా మూడేళ్ళు నడిచిన పిల్లల కాళ్ళ నొప్పులు ఏ జీవోతో రద్దవుతాయి?

రెండు, ఇల్లు. 2020 డిసెంబరు 25న ఇళ్ళ పట్టాల పంపిణీ మొదలైంది. 30 లక్షలకు పైగా పట్టాలని ప్రభుత్వం చెప్పుకుంది. ఊళ్ళో ఒకటిన్నర సెంటు, పట్టణంలో సెంటు. స్థలం రావడం మంచిదే, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఆ లేఅవుట్లు చాలాచోట్ల ఎక్కడ వేశారో వెళ్ళి చూడండి. పని దొరికే చోటికి, బడికి, ఆసుపత్రికి దూరంగా, చవగ్గా దొరికిన పొలంలో. అంతకు ముందటి ప్రభుత్వం కట్టిన టిడ్కో ఇళ్ళు కూడా చాలావరకు పట్టణాల అంచుల్లోనే. పార్టీలు మారాయి, పేదవాడిని అంచుకి తోసే పద్ధతి మారలేదు. భూమి ధరలో మిగుల్చుకున్న డబ్బుని ఆ కుటుంబం జీవితాంతం బస్సు టికెట్టుగా, ఆటో కిరాయిగా కడుతూనే ఉంటుంది.

మూడు, జిల్లా. 2022 ఏప్రిల్ 4న పశ్చిమ గోదావరిని విడగొట్టారు. పెంటపాడు, గూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో ఉండిపోయాయి. అప్పటిదాకా మన జిల్లా కేంద్రమైన ఏలూరు వేరే జిల్లా అయింది. 2025 జులైలో, ఉచిత బస్సు ఇంకా మొదలు కాకముందు, జిల్లా లోపల వరకే ఉచితం అన్న మాట ప్రభుత్వం వైపు నుంచే వచ్చింది గుర్తుందా? అదే అమలై ఉంటే, పెంటపాడు అమ్మ ఏలూరు పెద్దాసుపత్రికి పోవాలంటే సరిహద్దు దగ్గర టికెట్టు కొనాల్సి వచ్చేది. ఆ గీత ఆమె గీయలేదు. గీసేటప్పుడు ఆమెని ఎవరూ అడగలేదు. జనం గట్టిగా మాట్లాడారు కాబట్టి 2025 ఆగస్టు 15న రాష్ట్రమంతా వర్తించేలా మొదలైంది.

దూరానికీ కులానికీ ముడి నేను కొత్తగా వేస్తున్నది కాదు. బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో తన చిన్ననాటి ప్రయాణం రాసుకున్నారు. 1901. పిల్లలు సెలవులకి తండ్రి దగ్గరికి బయల్దేరి మసూర్ స్టేషన్లో దిగారు. వాళ్ళు మహర్లని తెలిశాక ఒక్క ఎడ్లబండి కూడా ఎక్కించుకోలేదు. చివరికి కుదిరిన బేరం ఏమిటంటే, కిరాయి రెట్టింపు, బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడుస్తాడు. ఆ రోజు బండివాడు కులం పేరు చెప్పి రెట్టింపు తీసుకున్నాడు. ఇవాళ ఎవరూ కులం పేరు చెప్పరు. స్టేజీ, శ్లాబు, కనీస టికెట్టు అంటారు. కట్టేవాళ్ళు ఎవరో చూస్తే మాత్రం ఆ పిల్లల మనవలే.

ఇంకో చోట ఇదే లెక్కని జనం తిరగేశారు. విద్యార్థులు ఇది తప్పకుండా చదవాలి. బస్సు పోరాటం అనగానే మనకి మోంట్‌గోమరీ, రోజా పార్క్స్ గుర్తొస్తారు. అది సీటు కోసం జరిగిన పోరాటం. దూరం కోసం జరిగిన పోరాటం దక్షిణాఫ్రికాలో ఉంది. జొహానెస్‌బర్గ్ పక్కన అలెగ్జాండ్రా అనే నల్లవాళ్ళ బస్తీ. తెల్లవాళ్ళ నగరంలో వాళ్ళ శ్రమ కావాలి, వాళ్ళ నివాసం మాత్రం నగరంలో ఉండకూడదు. మన ఊరూ పల్లే సూత్రమే అది. 1957 జనవరిలో బస్సు కంపెనీ టికెట్టుని 4 పెన్నీల నుంచి 5 పెన్నీలకు పెంచింది. ఒక్క పెన్నీ! వేలాది మంది ఎక్కడం మానేశారు. "అజిక్వెల్వా", ఎక్కం అన్నారు. పోనూ రానూ రోజుకు 30 కిలోమీటర్ల దాకా నడిచారు. వారం కాదు, మూడు నెలలు. చివరికి పాత ఛార్జీ నిలబడింది. అంతకన్నా ముఖ్యమైంది, వాళ్ళని పనిలో పెట్టుకున్న యజమానుల నుంచి సుంకం వసూలు చేసి బస్సులకి ఇచ్చేలా ఆ ప్రభుత్వమే చట్టం తేవాల్సి వచ్చింది. జాతి వివక్షే విధానంగా ఉన్న రాజ్యం చేత కూడా, మీ దూరానికి మీ యజమాని కట్టాలి అని ఒప్పించారు. మన ప్రజాస్వామ్యంలో ఆ మాట ఎవరైనా అనగా విన్నారా?

ఇప్పుడు ఉచిత బస్సు దగ్గరకి. "పనీ పాటా లేక తిరుగుతున్నారు" అని ఎగతాళి. నాట్లకీ కలుపులకీ పోయే ఆడమనిషి, ఇళ్ళల్లో అంట్లు తోమే అక్క, చేపల ఫ్యాక్టరీలో నిలబడి రొయ్యలు ఒలిచే చెల్లి తిరగకపోతే ఈ డెల్టాలో ఎవరి కంచంలో అన్నం పడుతుంది? ఒకవేళ పని లేకుండానే తిరిగారనుకుందాం. తిరగనివ్వండి. వాళ్ళ నాయనమ్మలు ఊరి వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచారు. మనవరాలు కిటికీ పక్కన కూర్చుని ఏ పనీ లేకుండా ఊళ్ళు చూసొస్తే మీకేం నష్టం?

ఉచిత బస్సు ఒక విషయం రుజువు చేసింది. కిలోమీటరు లెక్క ప్రకృతి ధర్మం కాదు, తలుచుకుంటే ఒక్క రోజులో సున్నా చెయ్యొచ్చు. కానీ టికెట్టు సున్నా అయింది గానీ దూరం సున్నా కాలేదు. స్టేజీ ఇంకా ఊళ్ళోనే ఉంది. సాయంత్రం చివరి బస్సు పోతే ఉచితం కూడా పోయినట్టే. పేట కుర్రాడు ఇంకా టికెట్టు కొంటున్నాడు. ఆటో నడుపుకునే మన తమ్ముడికి బేరాలు తగ్గాయి. 2025 అక్టోబరు 4న ప్రభుత్వం ఆటో డ్రైవర్లకి తలా 15,000 ఇచ్చింది, ఏడాదికి అది ఎన్నాళ్ళొస్తుంది? మన అక్కనీ మన తమ్ముడినీ ఒకరి మీదకొకరిని ఉసిగొల్పి పక్కన నిలబడి చూసేవాళ్ళతో జాగ్రత్త. వాళ్ళిద్దరిదీ ఒకే పేట.

"మరి ఆర్టీసీ నష్టాలు?" అని చివరి ప్రశ్న. అడగాల్సిందే. 2022లో సెస్సు వేసినప్పుడు రాష్ట్రంలో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. కేంద్రం ఎక్సైజు వేరే. ప్రభుత్వం తన బస్సు తాగే డీజిల్ మీద తనే పన్ను తీసుకుని, డీజిల్ ఖరీదైంది అని ప్రయాణికుడి మీద సెస్సు వేసింది. ఇల్లు ఎవరిది, అద్దె ఎవరికి? ముందు ఆ పన్ను వదలండి, తర్వాత నష్టాల గురించి మాట్లాడదాం.

మనం అడగాల్సినవి నాలుగు.

మొదటి స్టేజీ టికెట్టు సగానికి తగ్గాలి. ఐదు కిలోమీటర్లవాడు అందరికన్నా ఎక్కువ ధర కట్టే పద్ధతి పోవాలి.

ప్రతి పల్లెలో, ప్రతి పేటలో, ప్రతి కొత్త కాలనీలో స్టేజీ పెట్టాలి. బోర్డు మీద ఆ పేట పేరే రాయాలి. "ఎస్సీ కాలనీ" అని కాదు, ఆ పేటకున్న సొంత పేరు.

ఎస్సీ, ఎస్టీ విద్యార్థులందరికీ, అబ్బాయిలతో సహా, చదువు పూర్తయ్యేదాకా పూర్తి ఉచిత పాసు ఇవ్వాలి. 2013లో సబ్‌ప్లాన్ చట్టం తెచ్చుకున్నది ఇలాంటి పనుల కోసమే.

కూలీల దూరం మీద లాభం తీస్తున్న పెద్ద మిల్లులు, ఆక్వా ఫ్యాక్టరీలు, ప్రైవేటు కాలేజీలు రవాణా సుంకం కట్టాలి. జొహానెస్‌బర్గ్‌లో కుదిరింది తాడేపల్లిగూడెంలో ఎందుకు కుదరదు?

విద్యార్థి మిత్రులకి ఒక పని చెప్తున్నా. పోస్టు షేర్ చేసి ఊరుకోవద్దు. ఈ ఆదివారం మీ ఊళ్ళో బస్సు స్టేజీ నుంచి మీ పేట చివరి ఇంటి దాకా అడుగులు లెక్కపెట్టండి. అదే స్టేజీ నుంచి ఊళ్ళో పెద్ద మేడ దాకా కూడా లెక్కపెట్టండి. రెండు అంకెలూ పక్కపక్కన రాయండి. పేటలో ఎవరెవరు ఏ ప్రయాణం మానుకున్నారో అడిగి దాని కింద రాయండి. అలంపురం, ప్రత్తిపాడు, దర్శిపర్రు, జట్లపాలెం, ముదునూరు, ఒక్కో ఊరి నుంచి ఒక్కో కాగితం వస్తే చాలు. ఆ కాగితాలు పట్టుకుని గూడెం డిపో మేనేజరు దగ్గరకి అందరం కలిసి వెళ్దాం. దూరాన్ని బట్టే మాట్లాడమన్నారు కదా, మాట్లాడదాం. ఈసారి టేపు మన చేతిలో ఉంటుంది.

జై భీమ్.

(12వ భాగంలో: హాస్టలు పిల్లాడి మెస్ బిల్లు.)